నల్లటి నిశ్శబ్దం

ఆ చలికాలమంతా గెజీనా తన మొగుడు వోల్టర్‌తో మాట్లాడిన మాటలన్నీ పోట్లాటలే. పోట్లాట ఒక గది గురించి.

వంటింటి వెనక ఉన్న చిన్న గది అది. కింద రాతిపలకల నేల, వంటింటి గోడ వెచ్చదనం ఇటు దాకా వస్తుంది. ఒకప్పుడు గెజీనా కుట్టుమిషను ఉండేది అందులో. అల్మెలో ఊళ్ళో బట్టల మిల్లువాళ్ళు కట్టించిన వరస ఇళ్ళన్నీ ఒకటే అచ్చు: ముందు గది, వంటిల్లు, వెనక గది, మీద పడకగది, దాని మీద పెంకుల కింద అటక. ఆకులు రాలే కాలంలో కూతురు మార్లూస్, మొగుణ్ణి జ్వోలెలో వదిలేసి, ఏడాదైనా నిండని పిల్లని చంకనేసుకుని వచ్చేసింది. వచ్చిన తల్లీపిల్లలు ఆ అటకలోనే పడుకుంటున్నారు. పిల్ల పేరు ఫెన్న. పెంకుల్లోంచి చెమ్మ దిగి దానికి రొమ్ము పట్టేసింది. నిచ్చెన లాంటి మెట్లు. మార్లూస్ ఒక చేత్తో పిల్లని, ఇంకో చేత్తో తాడుని పట్టుకుని దిగుతుంటే చూసేవాళ్ళకి గుండె నోట్లోకి వచ్చేది.

"వెనక గది వాళ్ళకియ్యి" అంటుంది గెజీనా. "వెనక గది పాటలకి" అంటాడు వోల్టర్.

పాటలకి! వినేవాళ్ళు నవ్వుతారని కూడా లేదు ఆ మనిషికి. ముందు గదిలో చెక్క నేల ఉంది కదా, దాని మీద ఎవరు అడుగేసినా సీడీ ప్లేయరు అదిరి పాట గెంతుతుంది. అందుకని ఆ ఇంట్లో ఏళ్ళ తరబడి ఆడవాళ్ళు పిల్లుల్లా నడిచారు. చుట్టాలొస్తే చెప్పులు విప్పించి, అయినా గుర్రుగా చూసేవాడు. ఇప్పుడు కొత్త ప్లేయరు కొంటాడట, మంచిది, ఊళ్ళో ఇంకెవరికీ లేనిది. దాన్ని రాతి నేల మీద పెట్టి, తలుపేసుకుని, ఒక్క కుర్చీ వేసుకుని వింటాడట. ఒక్కటంటే ఒక్కటే కుర్చీ. రెండో మనిషికి అక్కడ చోటు లేదు.

"ఆ పిల్ల ఊపిరి పిల్లికూతలు కూస్తోంది, వింటున్నావా?" అని గెజీనా నిలదీసింది ఒకరోజు.

"దానికేం? హాయిగా ఉంది. రాత్రిళ్ళు అది ఏడవగా నేనొక్కసారి కూడా వినలేదు. మన మార్లూస్ కంటే వెయ్యి రెట్లు బుద్ధిమంతురాలు."

మార్లూస్ చేతిలో చెంచా బల్ల మీద విసిరికొట్టింది. "అబద్ధాలాడకు నాన్నా! రాత్రి రెండు గంటలు గుక్కపట్టి ఏడ్చింది. నీ మంచం నెత్తి మీదే ఉంది మా పరుపు. వినలేదంట! పక్కింటి ముసలమ్మ వింది, నువ్వు వినలేదు!"

"నేను అబద్ధాలాడను" అన్నాడు వోల్టర్. రొట్టె మీద వెన్న రాసుకుంటూ, నిమ్మకు నీరెత్తినట్టు.

అదీ సంగతి. తాత అనేవాడు కళ్ళెదుట కూర్చుని అలా బొంకుతుంటే ఏ ఆడదానికి ఒళ్ళు మండదు? గెజీనాకి ఆ రోజు నుంచీ అతని ముఖం చూడాలంటేనే కంపరమెత్తింది.

అలాగని వోల్టర్‌ని ఉత్త దుర్మార్గుడనడానికీ లేదు. పదిహేనో ఏట మిల్లులో చేరాడు. మగ్గాల షెడ్డు అంటే తెలిసినవాళ్ళకి చెప్పక్కర్లేదు. వందల మగ్గాలు ఒక్కసారి కొడుతుంటే నేల, పళ్ళు, ఎముకలు కలిసి అదురుతాయి. అక్కడ చెవితో పని లేదు, ఎదుటివాడి పెదాలు చూసి మాట తెలుసుకోవాల్సిందే. పొద్దంతా ఆ హోరులో నిలబడి, సాయంత్రం సైకిలెక్కి ఇంటికొచ్చి, అతను ముందు చేసే పని పాట పెట్టుకోవడం. మొదటి జీతాలతో గ్రామఫోను కొన్నాడు. తరవాత టేపు, తరవాత పెద్ద రికార్డులు, ఆనక సీడీలు. మిల్లు మూసేశాక బళ్ళో కాపలా పని దొరికింది, ఇంకా వెసులుబాటు దొరికింది, ఇంకా పాటలు. సంగీతం అతనికి ప్రాణం, ఆ మాట గెజీనా కూడా కాదనదు. మిల్లు మీద గదిలో తను బట్టలో పోగులు సరిచూసే పని చేసిన రోజుల్లో, ఈ మనిషి ఈలలో రాగం ఎత్తుకుని మెట్లెక్కి వచ్చేవాడనే ఆమె మనసు పడింది. ఇప్పుడా ఈల లేదు. ఇప్పుడున్నది 'చెవి'.

ఊళ్ళో అతనికి ఆ పేరు వచ్చేసింది. గురువారం సాయంత్రాలు కలుసుకుని స్పీకర్ల గురించి కొట్టుకునే మగవాళ్ళ గుంపొకటి ఉంది. ఎవరేం కొనాలన్నా ముందు వోల్టర్‌కి వినిపించాలి. అతను తలూపితే కొంటారు, పెదవి విరిస్తే పెట్టె కట్టేస్తారు. "చెవి ఏమన్నాడు?" అని అడుగుతారు. ఆ పేరంటే అతనికి చెప్పలేనంత గర్వం. మిల్లులో ముప్పై ఏళ్ళు పనిచేసినా రాని గౌరవం అది మరి.

కొత్త ప్లేయరు కోసం శనివారం పక్కూరు హెంగెలోలో ఓల్ట్‌హోఫ్ కొట్టుకి బయల్దేరాడు. గెజీనా కూడా కోటేసుకుంది.

"నువ్వెందుకు?"

"నా మనవరాలి గది మింగేదేమిటో నా కళ్ళతో చూడాలి కదా."

ఓల్ట్‌హోఫ్ నున్నగా దువ్విన తలతో, వెన్న పూసిన గొంతుతో ఎదురొచ్చాడు. పాత ప్లేయరుని దుప్పట్లో చుట్టి తెచ్చాడు వోల్టర్, పసిబిడ్డని తెచ్చినట్టు. కొట్టువాడు దాన్ని పక్కన పెట్టి, కొత్తది చూపించాడు. వెండి రంగు, బరువు, ముందు ఒక్కటే బొత్తాం.

"అమ్మగారూ, ఇటు చూడండి. ఎంత ముచ్చటగా ఉందో! మా వాడుకలో చెప్పాలంటే దీనికి భార్య మార్కులు బాగా పడతాయి."

"ఏం మార్కులూ?"

"భార్య మార్కులండీ." అతను చేతులు నలుపుకున్నాడు. "అంటే, ఇంటావిడ మూతి ముడవకుండా ఇంట్లో పెట్టనిచ్చేదన్నమాట. కొన్ని యంత్రాలు బాగా పాడతాయి గానీ చూపుకి మొరటు. ఆడవాళ్ళు గొడవ చేస్తారు."

"మీ కొట్లో మొగుడి మార్కులు కూడా వేస్తారా? వేస్తే ఈయనకెన్ని పడతాయో చెప్పండి, వింటాను."

కొట్టువాడు ఇకిలించాడు. వోల్టర్ మటుకు "కాస్త నోరు మూసుకుంటావా, విననీ" అని కసిరాడు. పరాయివాడి ముందు! గెజీనా చేతిసంచీ పట్టు బిగించి నిలబడింది.

పాత ప్లేయరులో కాసేపు వాయులీనం, కొత్తదాంట్లో కాసేపు వాయులీనం. వోల్టర్ కళ్ళు మూసుకున్నాడు. అతనికి వినడమంటే కళ్ళు మూసుకోవడమే. కొత్తది మొదలవగానే ముఖం విప్పారింది.

"ఆహా. వెనక నిశ్శబ్దం విన్నావా ఓల్ట్‌హోఫ్? ఎంత నల్లగా ఉందో!"

"సరిగ్గా అదే అనబోతున్నా. నల్లటి నిశ్శబ్దం."

ఆ గుంపువాళ్ళ మాట అది. ఒక స్వరానికీ ఇంకో స్వరానికీ మధ్య బుస లేకుండా, గరగర లేకుండా ఉంటే దాన్ని నల్లటి నిశ్శబ్దం అంటారు. తెల్లటిదీ నల్లటిదీ ఎలా తెలుస్తుందో దేవుడికెరుక. గెజీనా కళ్ళు మూసుకోలేదు గనక ఇంకోటి చూసింది. పాతదాన్నుంచి కొత్తదానికి మార్చేటప్పుడు కొట్టువాడి వేలు శబ్దం పెంచే గుండ్రటి బొత్తాన్ని రవ్వంత తిప్పింది.

"రెండ్రోజులు ఇంటికి తీసికెళ్ళి వినండి, నచ్చకపోతే తిరిగిచ్చేయండి" అన్నాడు ఓల్ట్‌హోఫ్. బస్సులో వోల్టర్ ఆ పెట్టెని ఒళ్ళో పెట్టుకున్నాడు. కూతురి పిల్లని ఒక్కసారీ ఎత్తుకోని ఒడి అది, అనుకుని గెజీనా కిటికీ వైపు తిరిగిపోయింది.

ఆదివారం పొద్దున కాఫీకి ఆమె తమ్ముడు ఎగ్‌బర్ట్ వచ్చాడు. టీవీలు బాగుచేసే పని అతనిది. నవ్వుతూనే వాతలు పెట్టే రకం. గెజీనా డబ్బా తీసి తలా ఒక బిస్కట్టు ఇచ్చి మూత పెట్టేసి, కొట్టులో చూసిన బొత్తాం సంగతి చెప్పింది. ఎగ్‌బర్ట్ విరగబడి నవ్వాడు.

"ఆ మాయ మా తాతలనాటిది అక్కా! రెండిటిలో ఏది రవ్వంత గట్టిగా మోగితే అదే గొప్పగా వినిపిస్తుంది. గట్టిగా అని తెలీదు, బాగుంది అనిపిస్తుంది. బావా, చెవి అని పేరు పెట్టుకున్నావు, బొత్తాం తిప్పితే పడిపోయావా?"

వోల్టర్ ఒంటికాలి మీద లేచాడు. "నీలాగా టీవీల దుమ్ము దులిపేవాడు నాకు వినడం నేర్పుతాడా? బొత్తాం తిప్పినా తిప్పకపోయినా నేను పోల్చగలను. కళ్ళు మూసుకుని పోల్చగలను!"

"అయితే పోల్చు. రెండూ సమానంగా మోగేలా మీటరు పెట్టి నేను సరిచేస్తా. దుప్పటి కడదాం. వెనక అక్క మారుస్తుంది. పదిసార్లు అడుగుతాం, ఏది కొత్తదో ఏది పాతదో చెప్పు. ఎనిమిది సరిగ్గా చెబితే వెనక గది నీది, నేనే కుర్చీ మోసుకొచ్చి వేస్తా. చెప్పలేకపోతే అది మార్లూస్‌ది. మళ్ళీ నోరెత్తకూడదు."

గెజీనాకి తమ్ముడి పీక నొక్కాలనిపించింది. పిల్ల ప్రాణం ఆధారపడ్డ గదిని పందెంలో పెడతాడా వీడు! కానీ వోల్టర్ అప్పటికే చెయ్యి చాపేశాడు. "సరే. గుంపులో ఇద్దర్ని పిలువు, సాక్ష్యానికి. లేకపోతే రేపు నేను మాట మార్చానంటావు."

మధ్యాహ్నం మార్లూస్ వృద్ధాశ్రమంలో డ్యూటీకి వెళ్ళిపోయింది. వెళ్తూ తల్లి చెవిలో, "ఓడిపోతే నేను పిల్లని తీసుకుని మళ్ళీ జ్వోలె పోతానమ్మా. వాడు కొట్టినా ఇల్లు వెచ్చగా ఉంటుంది" అంది. గెజీనా పిల్లని తోపుడుబండిలో పడుకోబెట్టి, వంటింట్లో పొయ్యి దగ్గర ఉంచి, తలుపు దగ్గరికేసింది.

ముందు గదిలో తాడు కట్టి దుప్పటి వేలాడదీశారు. ఎగ్‌బర్ట్ తీగలూ మీటరూ పెట్టి గంటసేపు నేల మీద పాకాడు. గుంపులోంచి వచ్చిన ఇద్దరూ సాక్స్ కాళ్ళతో, ఊపిరి కూడా బిగపట్టి సోఫాలో కూర్చున్నారు. వోల్టర్ తన కుర్చీలో. దుప్పటి వెనక గెజీనా. ఆమె చేతిలో ఒక గిల్డరు నాణెం. రాణి బొమ్మ పడితే పాతది, అంకె పడితే కొత్తది, మీట అటో ఇటో తిప్పాలి. ఎగ్‌బర్ట్ పక్కనే నిలబడి చూస్తాడు.

ఆమె దొంగాట ఆడాలనే అనుకుంది. నాణెం ఏది పడితే నాకేం, అనుకుంది. కానీ తమ్ముడు పక్కనే ఉన్నాడు, ఆ విషయంలో మటుకు వాడు రాయి. "వద్దక్కా" అని కళ్ళతోనే అన్నాడు.

మంద్రంగా చెల్లో మోగుతోంది, పెద్ద వాయులీనం లాంటిది, ఒకే ఒక్క వాయిద్యం. మొదటిది, "పాతది" అన్నాడు వోల్టర్. పాతదే. రెండోది, "కొత్తది" అన్నాడు. కొత్తదే. మూడోదీ సరిగ్గా చెప్పాడు. సోఫాలో వాళ్ళు ఒకరినొకరు చూసుకుని గర్వంగా తలలూపారు. గెజీనా నాణేన్ని ఎగరెయ్యకుండా పిడికిట్లో పట్టుకుంది. ఈ దరిద్రుడికి నిజంగానే వినిపిస్తుందా? నిజంగానే ఆ గది పోతుందా? దేవుడా, వీడి చెవుల్లో సీసం పొయ్యి, అని పైకి అనలేదు గానీ ఒట్టు, మనసులో అంది.

నాలుగోసారి రాణి బొమ్మ పడింది. మీట పాతదానికి తిప్పింది.

వోల్టర్ తల వెనక్కి వాల్చాడు. కళ్ళు మూసుకున్నాడు. చెల్లో సన్నగా, ఇంకా సన్నగా అయిపోయే చోటు అది.

అప్పుడే వంటింట్లో ఫెన్న లేచింది. ముందు చిన్నగా మూలిగింది, తరవాత గొంతు చించుకుని ఏడుపు ఎత్తుకుంది. సూదిలా సన్నటి, పైస్థాయి ఏడుపు దానిది, తలుపు సందులోంచి తిన్నగా వచ్చి చెవిలో దిగుతుంది. సోఫాలో వాళ్ళిద్దరూ ఉలిక్కిపడి వంటింటి వైపు తిరిగారు. ఎగ్‌బర్ట్ "ఛ, చెడింది" అని నాలిక్కరుచుకున్నాడు. వోల్టర్ ఇప్పుడు గుడ్లురుముతాడు, పందెం చెల్లదంటాడు, పిల్లని తిడతాడు, అని అందరూ అతని వైపు చూశారు.

వోల్టర్ చిరునవ్వు నవ్వుతున్నాడు.

"ఇదే" అన్నాడు మెల్లగా, కళ్ళు తెరవకుండా. "ఇదే కొత్తది. అనుమానమే లేదు. విన్నారా వెనక? ఏమీ లేదు. ఒక్క పిసరు చప్పుడు లేదు. నల్లగా ఉంది... నూతిలో చూసినట్టు."

పిల్ల గుక్కపెట్టింది. ఒక్క క్షణం ఆగి మళ్ళీ అందుకుంది.

గెజీనా దుప్పటి పక్కకి తప్పించి అతని ముఖం చూసింది. వెటకారమా? కాదు. నటనా? ఆ మనిషికి నటన చేతకాదు. ఏడుస్తున్న పసిదాన్ని అలా వదిలేసి నిలబడకూడదని ఆమెకి తెలుసు. అయినా కదల్లేకపోయింది. పిల్ల ఏడుస్తోంది, మొగుడు నవ్వుతున్నాడు, ఆ రెండూ ఒకే గదిలో జరుగుతున్నాయి. ఎగ్‌బర్ట్ ముఖంలో రంగు లేదు. "బావా" అన్నాడు. వోల్టర్ పలకలేదు. "బావా!" పలకలేదు. చెల్లో వింటున్నాడు.

ఆమె వంటింట్లోకి పరుగెత్తి పిల్లని బండిలోంచి లాక్కుని, అదే పరుగున చెక్క నేల మీద దబదబా అడుగులేసుకుంటూ వచ్చింది. పాట ఎగిరి గెంతింది.

"ఎవరే ఆ నడిచేది!" వోల్టర్ కసిరి కళ్ళు తెరిచాడు. "సరిగ్గా ఇప్పుడే..."

ఎదురుగా ఫెన్న ముఖం ఉంది. కందిపోయి, నోరు తెరుచుకుని, కళ్ళూ ముక్కూ ఏకమై కారుతూ. ఎగ్‌బర్ట్ మీట ఆపేశాడు. ఇంక ఇంట్లో పిల్ల ఏడుపు తప్ప వేరే చప్పుడు లేదు, ఆ ఏడుపుకి కిటికీ అద్దం సన్నగా గీపెడుతోంది.

వోల్టర్ ముందుకి వంగాడు. ఇంకాస్త వంగాడు. పిల్ల నోటికి అతని చెవి జానెడు దూరంలోకి వచ్చింది. నుదురు ముడిపడింది.

"గొంతు పోయిందా దీనికి?" అన్నాడు కంగారుగా. "ఏడుపు బయటికి రావట్లేదేం? డాక్టర్ని పిలవండి!"

సోఫాలో వాళ్ళు సాక్స్ వంక చూసుకున్నారు.

"పోయింది దానికి కాదు" అంది గెజీనా, అతని ముఖానికి ముఖం పెట్టి.

వోల్టర్ ఆమెని చూశాడు. ఎగ్‌బర్ట్‌ని చూశాడు. సోఫాలో ఇద్దర్నీ చూశాడు. "మీ అందరికీ వినిపిస్తోందా?" అని అడిగాడు. ఎగ్‌బర్ట్ తలూపాడు. "గట్టిగానా?"

"వీధి చివరి దాకా వినిపిస్తుంది బావా. మగ్గాల హోరు నీ చెవిలో పైస్థాయిని తినేసింది, మంద్రం ఒక్కటే మిగిలింది."

గురువారం గుంపువాళ్ళు లేచి, బూట్లు చేతిలో పట్టుకుని, సెలవని కూడా అనకుండా వెళ్ళిపోయారు. వాళ్ళు ఏ దారిన ఎవరికి చెబుతారో వోల్టర్‌కి తెలుసు. అతను కుర్చీ చేతులు పట్టుకుని వాళ్ళు మూసిన తలుపు వైపు చూశాడు.

"తీసుకోండి ఆ గది" అన్నాడు, ఎవరి వైపూ చూడకుండా, కరుగ్గా. "నాకేం పని దానితో. రాత్రికే దించెయ్యండి పరుపు."

గెలిచింది. పిల్లకి వెచ్చటి గది దొరికింది, కూతురు జ్వోలె పోదు. గెజీనాకి సంతోషం రావాలి కదా, రాలేదు. ఆమెకి పట్టరాని కోపం వచ్చింది. వంటింట్లో గిన్నెలు తోముతూ, అతనికి వీపు పెట్టి అడిగిన మాటలు, వాటికి రాని జవాబులు, ఆ జవాబులు రాలేదని రాత్రిళ్ళు గోడ వైపు తిరిగి మింగిన కన్నీళ్ళు, వాటన్నిటి మీదా కట్టుకున్న పగ. ఆ పగతోనే ఆమె ఇన్నేళ్ళు వెన్ను నిటారుగా పెట్టుకుని బతికింది. ఇప్పుడు ఆ పగకీ కారణం లేదంటే ఏం పట్టుకుని నిలబడాలి?

"నేను నిన్ను అడిగినవి" అంది, పిల్లని భుజం మీదికి మార్చుకుని. "మా అమ్మ పోయినప్పుడు అడిగాను. మార్లూస్ పెళ్ళికి ముందు అడిగాను, వాడు మంచివాడు కాదు ఆపు అని. ఏదీ వినలేదా నువ్వు?"

వోల్టర్ ముఖంలో మొదటిసారి ఏదో కదిలింది. అది జాలి కాదు. అదీ కోపమే. పాతది, లోపల పులిసిపోయిన కోపం.

"నాకు వినిపించకూడదనే నువ్వు గొణుగుతున్నావనుకున్నాను" అన్నాడు. "ఇన్నేళ్ళూ. కావాలనే, నన్ను ఇంట్లో పరాయివాణ్ణి చెయ్యాలనే గొణుగుతున్నావనుకున్నాను."

పిల్ల వెక్కిళ్ళు తగ్గి ఆమె భుజం మీద ముక్కు రాసుకుంది.

"గొణగలేదు" అంది గెజీనా. "అరిచాను."